వక్కాకు తీసుకున్న నలభై ఇద్దరు

యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీలో నాకు చోటు దొరికింది నా చదువు వల్ల కాదు, ఒక ప్రొఫెసరు గారింట్లో బోరు మోటరు కాలిపోవడం వల్ల.

అనంతపురంలో మా ఆయన రవికుమార్‌కు మోటర్లు, పైపులు అమ్మే అంగడి ఉంది. బుక్కరాయసముద్రంలో కొత్తగా ఇల్లు కట్టుకున్న ప్రొఫెసర్ నరసింహప్ప గారు ఒకరోజు అక్కడికి వచ్చి, మోటరు బాగయ్యేదాకా స్టూలు మీద కూర్చుని తన కష్టం చెప్పుకున్నారు. మనుషుల మీద ఎవరు పరిశోధన చేయాలన్నా ముందు ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. ఆ కమిటీకి ఆయన కార్యదర్శి. అందులో డాక్టర్లున్నారు, వకీలున్నాడు, రిటైరయిన జడ్జిగారు అధ్యక్షులు. కానీ రూలు ప్రకారం ఒక మామూలు మనిషి కూడా ఉండాలి. సైన్సుతో గానీ యూనివర్సిటీతో గానీ సంబంధం లేని మనిషి. అలాంటివాళ్లు మూడు నెలలుగా ఈ ఊళ్లో దొరకడం లేదని ఆయన బాధ. మా ఆయన వైరు కొలుస్తూ, తల ఎత్తకుండానే, "మా ఇంట్లో ఒకామె ఉండాది సార్, తీసుకపోండి" అన్నాడట.

నేను చదివింది బి.ఎస్సీ. బాటనీ. ఆ సంగతి చూసి నరసింహప్ప గారు కాస్త కంగారుపడ్డారు గానీ, పెళ్లయి ఇరవై ఏడేళ్లయింది కాబట్టి సైన్సుతో సంబంధం తెగిపోయినట్టేనని కమిటీ తేల్చింది. అలా నేను 'శ్రీమతి కన్యకమ్మ, గృహిణి, సామాన్య సభ్యురాలు' అయ్యాను.

రెండు నెలలకోసారి సమావేశం. క్యాంటీన్ నుంచి ఉగ్గాని, బజ్జీ వచ్చేవి. పరిశోధనలో పాల్గొనేవాళ్లకు చదివి వినిపించే సమ్మతి పత్రం మామూలు మనిషికి అర్థమవుతుందో లేదో చూడటం నా పని. ఒక్కటీ అర్థమయ్యేది కాదు. 'తమ స్వచ్ఛంద భాగస్వామ్యమును ఏ దశయందైనను ఉపసంహరించుకొనుటకు హక్కు కలదు' అని ఉన్నచోట నేను 'ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు. ఎవరూ ఏమీ అనరు' అని రాసిచ్చాను. జడ్జిగారు రెండుసార్లు చదివి, ఇది మరీ తేలిగ్గా అర్థమవుతోందే అని అనుమానపడ్డారు. చివరికి ఒప్పుకున్నారు. అప్పటినుంచి ప్రతి పత్రంలోనూ తొమ్మిదో వరుస నాదే. ఇంట్లో ఇరవై ఏడేళ్లుగా నేను చెప్పిన మాట ఒక్కటీ అచ్చు కాలేదు కాబట్టి, ఆ వరుసంటే నాకు కొంచెం ఎక్కువే ముచ్చట.

లావణ్య దరఖాస్తు మూడోసారి మా ముందుకు వచ్చింది ఏప్రిల్‌లో. గుత్తి పిల్ల. వాళ్ల నాయన స్టేషను బయట ఆటో తోలుతాడు. తనకల్లు దగ్గర ఒక పల్లెలో కడుపు నిలవని ఆడవాళ్లు, పుట్టిన బిడ్డలు పోయిన ఆడవాళ్లు ఎక్కువగా ఉన్నారని, ఆ ఊరి బోరు నీళ్లకూ దానికీ ఏమైనా సంబంధం ఉందేమో చూడాలని ఆమె పీహెచ్‌డీ. ఒక్కొక్కరితో మూడు విడతలుగా కూర్చుని మాట్లాడాలి. ఏ నెలలో పోయింది, అప్పుడు ఏం తిన్నారు, ఏ బోరు నీళ్లు తాగారు, అన్నీ అడిగి రికార్డు చేయాలి. కనీసం ముప్పై అయిదు మంది మూడు విడతలూ పూర్తిచేస్తేనే లెక్క నిలబడుతుందని కమిటీలో ఉన్న గణాంకాల మాస్టారు చెప్పారు. లావణ్య రిజిస్ట్రేషన్ వచ్చే మార్చితో అయిపోతుంది. అప్పటికే రెండుసార్లు పొడిగించారు. మూడోసారి అన్నది లేదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ ఊరి ఆడవాళ్లు మాట్లాడతామంటారు, సంతకం మాత్రం పెట్టరు. వేలిముద్ర అంటే లేచి వెళ్లిపోతారు. ముద్ర వేసిన ప్రతిసారీ ఇంట్లోంచి ఏదో ఒకటి పోయిందని వాళ్ల అనుభవం. నోటిమాటగా, సాక్షి ఎదుట ఒప్పుకున్నా చాలునని రూలు చెబుతోంది. కానీ ఒప్పుకున్నారనడానికి గుర్తేమిటని జడ్జిగారు పట్టుబట్టారు. గంటసేపు వాదన అక్కడే తిరిగింది.

అప్పుడు నేను బజ్జీ పక్కన పెట్టి నోరు తెరిచాను. పల్లెల్లో శనక్కాయ పీకడానికి కూలీలను మాట్లాడుకున్నా, మేకల బేరం కుదిరినా, పెళ్లి ఖాయమైనా వక్కాకు చేతిలో పెడతారు, తమలపాకులూ వక్కా తీసుకుంటే మాట ఇచ్చినట్టే, ఆ పిల్ల కూడా సాక్షి ఎదుట వక్కాకు ఇవ్వవచ్చు కదా అన్నాను.

గదిలో వెలుగు వచ్చినట్టయింది. 'స్థానిక సంప్రదాయానికి తగిన సమ్మతి విధానం' అని నరసింహప్ప గారు అప్పటికప్పుడు దానికి పేరు పెట్టారు. ఆ రోజే లావణ్యకు అనుమతి వచ్చింది. బయట బెంచీ మీద కూర్చున్న ఆ పిల్ల నా చేతులు పట్టుకుని, ఆంటీ, ఆంటీ అంది.

నలభై ఇద్దరిని అడిగితే నలభై ఇద్దరూ వక్కాకు తీసుకున్నారు. జూన్‌లో మొదటి విడత అయింది. ఒక్కరు కూడా మానుకోలేదు. ఏ పరిశోధనలోనైనా పదిమందిలో ఇద్దరు జారిపోతారట. ఈ సంగతి నరసింహప్ప గారు బెంగళూరు సదస్సులో చెప్పి చప్పట్లు కొట్టించుకుని వచ్చారు. తెర మీద కింది మూలన నా పేరు కూడా వేశారని ఫోటో పంపారు. కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే కనిపించింది.

సెప్టెంబరులో రెండో విడత. కమిటీ తరఫున ఎవరో ఒకరు వెళ్లి చూసి రావాలని రూలు. డాక్టర్లకు తీరిక లేదు, వకీలుకు వాయిదాలున్నాయి, జడ్జిగారికి మోకాళ్లు. నాకు ఇవేవీ లేవు కాబట్టి లావణ్యతో కలిసి కదిరి బస్సు ఎక్కాను.

ఊళ్లో ఆశా కార్యకర్త గంగాదేవి మాకోసం అంగన్‌వాడీ గది ఊడ్చి, చాప వేసి పెట్టింది. వక్కాకు ఇచ్చినప్పుడు సాక్షి ఆమే. ఆ పూట వంతు మారెక్కది. నలభైకి దగ్గర్లో ఉంటుంది, మేకలు కాస్తుంది. నాలుగు కాన్పులు పోయాయి, ఒక్క బిడ్డా దక్కలేదు. గోడకు ఆనకుండా, మోకాళ్లు దగ్గరికి తీసుకుని కూర్చుంది. లావణ్య మెల్లగానే అడిగింది. అడిగినదానికల్లా మారెక్క జవాబు చెప్పింది. ఏడో నెల అంది. ఆడపిల్ల అంది. మూడు దినాలుండి పోయింది అంది. గొంతు ఎక్కడా పెరగలేదు, తగ్గలేదు. చెబుతున్నంతసేపూ ఎడమచేత్తో చాప పీచు ఒక్కొక్కటే లాగుతూ ఉంది. గంట తరువాత ఆమె లేచి వెళ్లాక చూస్తే, ఆమె కూర్చున్నచోట జానెడు చాప ఊడిపోయి ఉంది.

నేను నా కాగితంలో 'ఎవరి బలవంతమూ లేదు' అని రాసుకున్నాను.

టీ ఇస్తూ గంగాదేవి, చాపకు కట్టు వేయించాలి అంది. పోయినసారి కూడా ఇంతేనట. లావణ్య వస్తుందని కబురు తెలిస్తే చాలు, మారెక్క రెండు రోజులు ముద్ద ముట్టదట. వెళ్లిపోయాక మూడు రోజులు లేవదట. జూన్‌లో ఆమె మొగుడు తిమ్మన్న కూలి మానుకుని మేకలు తోలుకుపోయాడట. మరి మాకెందుకు చెప్పలేదంటే గంగాదేవి గ్లాసులు తీసుకుంటూ, "చెప్పి ఏం చేసేదమ్మా? వక్కాకు తీసుకునింది కదా" అంది.

నేను మారెక్క ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. దొడ్లో మేకల తాళ్లు విప్పుతోంది. కష్టంగా ఉంటే మానుకోవచ్చని, కాగితంలో అలాగే రాశామని, జూన్‌లో చదివి వినిపించారు కదా అని గుర్తుచేశాను.

"ఇనిపించినారు."

"మరి ఎందుకు వచ్చినావు మారెక్కా?"

ఆమె నన్ను, చెప్పినా అర్థం కాని పిల్లను చూసినట్టు చూసింది.

"కాగితం మీది తల్లీ. వక్కాకు నేను తీసుకున్న్యా. శనక్కాయ పీకేదానికి వక్కాకు తీసుకుంటే జ్వరమొచ్చినా పోతాము. ఆ పాప కాడ మాత్రం మాట తప్పితే యాడ తలెత్తుకోని తిరిగేది? ఇంగొకసారే కదా. ఓర్చుకుంటా."

ఆ తరువాత ఆమెకు నాతో పని లేదు. మేకలు కదిలాయి, ఆమె వాటి వెనక వెళ్లింది.

తిరుగు బస్సులో లావణ్యకు అంతా చెప్పాను. కదిరి దాటేదాకా ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. వానలు లేక శనక్కాయ చేలు అరచేయెత్తు కూడా లేవలేదు. నేను తెలియక చేసిన పొరపాటు వల్ల ఇంత వచ్చిందని ఏదో సర్దిచెప్పబోయాను.

"మీకు తెలీదేమో ఆంటీ, నాకు తెలుసు" అంది. "మేమూ పల్లెలోంచి వచ్చినోళ్లమే. వక్కాకంటే ఏందో నాకు తెలీదా? మీరు మీటింగులో చెప్తాంటే బయట కూర్చోని ఇన్నా. అమ్మయ్య, ఇంగ ఒక్కరూ మానుకోరు అనుకున్నా."

కాసేపటికి నా వైపు తిరిగింది. మారెక్కను వదిలేద్దామంది. మిగతా నలభై ఒక్కరూ బాగానే ఉన్నారు, డిసెంబరులో ఒక్కసారి కూర్చుంటే అయిపోతుందంది.

"బాగుండారని ఎవరు చెప్పినారు?" అన్నాను.

అనంతపురంలో దిగేటప్పుడు, "కమిటీలో చెప్తారా?" అని అడిగింది. నేను సంచి తీసుకుని ముందు దిగాను.

నాకు తెలియదని ఆ పిల్ల అనడం ఆమె మంచితనం. మా ఇళ్లలో తాంబూలాలు మార్చుకున్నాక పెళ్లి తప్పితే రెండు తరాలు మాట్లాడుకోరు. తీసుకున్నవాళ్లు మాట తప్పరని తెలిసే ఆ ఉపాయం చెప్పాను. అందులో గొప్పే అది అనుకున్నాను. ఎప్పుడైనా మానుకోవచ్చని రాసిన చెయ్యి నాదే, మానుకోలేకుండా కట్టేసిన చెయ్యీ నాదే. రెండూ ఒకే కాగితం మీద ఉంటే తొమ్మిదిమంది పెద్ద చదువుల వాళ్లకు కనబడలేదంటే సరే. వాళ్లు తొమ్మిదో వరుస దాకా చదివి ఉండరు. నేను రాశాను కదా.

ఇంట్లో చెబితే మా ఆయన, "వాళ్లు మామూలు మనిషిని పెట్టుకున్నారు, నువ్వు మామూలుగా ఉండు. ఆ పాప బతుకు ఎందుకు చెడగొడతావు?" అన్నాడు. ఆయన అంత సరైన మాట అరుదుగా అంటాడు. అందుకే ఆ వారమంతా నేను కూరలో ఉప్పు మరిచిపోయాను. ఒకసారి గుర్తుండి కూడా వేయలేదు.

అక్టోబరు సమావేశంలో చెప్పాను. లావణ్య బయట అదే బెంచీ మీద కూర్చుని ఉంది.

ముందు ఎవరూ నమ్మలేదు. తరువాత నరసింహప్ప గారు పాత మినిట్స్ తెప్పించి, ఆ సూచన ఎవరిదో పైకి చదివారు. నాదే. బెంగళూరులో చప్పట్లు కొట్టినవాళ్లకు ఇప్పుడు ఏం చెప్పాలన్నది ఆయన బాధ. జడ్జిగారు చట్టం చెప్పారు. సమ్మతి ఉంది, మానుకునే హక్కూ ఉంది, ఉన్న హక్కు వాడుకోకపోతే అది వాళ్ల ఇష్టం అన్నారు. గణాంకాల మాస్టారు ముప్పై అయిదు అన్న మాట మళ్లీ చెప్పారు. ఆ అంకె తగ్గితే ఆ అమ్మాయి మార్చిలో ఇంటికి పోవలసిందేనని, ఆలోచించుకోమని నా వైపు చూశారు.

"జడ్జిగారూ, ఆమె ఓర్చుకుంటానని చెప్పింది" అన్నాను. "మన కాగితంలో ఓర్చుకోమని ఏ వరుసలో ఉందో నాకు చూపిస్తే నేను ఊరుకుంటాను."

ఆయన నిజంగానే కాగితం తీసుకుని వెతికారు. లేదు. మరో గంట వాదన జరిగాక తీర్మానం రాశారు. నలభై ఇద్దరి దగ్గరా మళ్లీ మొదటినుంచి సమ్మతి తీసుకోవాలి, ఒప్పుకోనివాళ్లవి పాత రికార్డులు కూడా తుడిచేయాలి, ఇది జరిగేటప్పుడు కమిటీ సభ్యులు ఒకరు ఎదురుగా ఉండాలి. ఆ ఒకరు ఎవరో అడగవలసిన పని లేకపోయింది.

తలుపు తీసి బయటికి వస్తే లావణ్య లేచి నిలబడింది. తీర్మానం కాగితం చివరిదాకా చదివింది. "ఎప్పుడు పోదాం మేడం?" అంది. ఏప్రిల్ నుంచీ అప్పటిదాకా నేను ఆంటీనే.

ఇచ్చిన మాటనుంచి వాళ్లను ఎలా విడిపించాలో గంగాదేవి చెప్పింది. తీసుకున్నవాళ్లు తిప్పి ఇస్తే అది మాట తప్పడం. ఇచ్చినవాళ్లే వచ్చి, మా వక్కాకు మాకు ఇయ్యండి అని అడిగితే ఎవరికీ తప్పు లేదు. తప్పంతా అడిగినవాళ్లది. అడగడానికి సిగ్గుపడకూడదు, అంతే.

నవంబరులో అంగన్‌వాడీ ముందు పళ్లెం పెట్టుకుని కూర్చున్నాం. లావణ్య ప్రతి ఒక్కరినీ, "అక్కా, నా వక్కాకు నాకు తిప్పియ్యి, నీ మాట నీకే ఉండాది" అని అడగాలి. మొదటి ఆమెను అడిగేటప్పుడు తల దించుకుంది. పదో ఆమె దగ్గరికి వచ్చేసరికి అలవాటైంది. జూన్‌లో తీసుకున్న ఆకులు ఎప్పుడో నమిలేశారు కాబట్టి, అందరూ అంగట్లో కొత్తవి కొనుక్కుని తెచ్చారు. ఊళ్లో ఉన్న ఒక్క అంగట్లో తమలపాకులు అయిపోతే, ఒకరు వేసినవే తీసి ఇంకొకరు వేశారు. మారెక్క కూడా వేసింది.

నలభై ఇద్దరూ తిప్పి ఇచ్చేశారు. చెప్పడానికి ఇష్టపడి వచ్చినవాళ్లు, లావణ్యను ఇంటికి పిలిచి అన్నం పెట్టినవాళ్లు, అందరూ. ఇదేంది గంగాదేవీ అంటే, "మీరు అడిగినారు, వాళ్లు ఇచ్చినారు. అడిగితే ఇయ్యకుండా ఉంటారా?" అంది. తీసుకోమన్నప్పుడు తీసుకున్నారు, ఇమ్మన్నప్పుడు ఇచ్చారు. వాళ్లకు ఏం కావాలో రెండుసార్లూ మాకు తెలియలేదు.

ఇక మిగిలింది ఒకటే దారి. డిసెంబరు మొదటి మంగళవారం బడి వరండాలో లావణ్య ఉంటుంది. పళ్లెం ఉండదు, ఆకు ఉండదు. మాట్లాడాలనుకున్నవాళ్లు వాళ్లంతట వాళ్లు రావచ్చు, అప్పుడు వాళ్ల ఒప్పుదలను ఫోనులో నోటిమాటగానే రికార్డు చేసుకుంటాం, చివరి విడత మాటలు ఆ తరువాతి రోజుల్లో. ఎవరూ వెళ్లి పిలవకూడదని చెబితే గంగాదేవి నొచ్చుకుంది. పిలవకుండా తద్దినానికి కూడా ఎవరూ రారంది.

ఆ మంగళవారం బడికి సెలవు. తొమ్మిది గంటలకు వరండాలో కూర్చున్నాం. పదిన్నరదాకా కుక్క తప్ప ఎవరూ రాలేదు. లావణ్య తలకు నూనె పెట్టుకుని, బిగించి జడ వేసుకుంది, పరీక్షకు వచ్చిన పిల్లలా. నేను తెచ్చిన పులిహోర డబ్బా ఇద్దరి మధ్యా మూత తీయకుండా ఉంది.

పదిన్నరకు ఒక ముసలామె వచ్చింది. పోయిన తన మనవరాలి సంగతి కూడా చెప్పవచ్చా అని అడిగి కూర్చుంది. ఆ తరువాత ఇద్దరు కలిసి వచ్చారు. మధ్యాహ్నానికి పద్నాలుగు. ఒకామె చంకలో బిడ్డతో వచ్చి, ఇప్పుడు చెప్పబుద్ధి అయితాంది అంది. నేను స్తంభం వెనక కూర్చుని గీతలు పెడుతూ ఉన్నాను. ఇరవై దాటాక లావణ్య వీధి వైపు చూడటం మొదలుపెట్టింది. గణాంకాల మాస్టారి ముప్పై అయిదు నా నోట్లో కూడా తిరుగుతూనే ఉంది. లేచి నాలుగు ఇళ్ల ముందు ఊరికే నడిచి వస్తే తప్పేముంది అని రెండుసార్లు అనిపించింది. రెండుసార్లూ చెప్పులు వేసుకున్నాను, మళ్లీ విడిచాను.

మూడు గంటలకు ఇరవై ఆరో ఆమె లేచి వెళ్లింది. తరువాత ఎవరూ రాలేదు.

నాలుగున్నరకు మారెక్క మేకలు తోలుకుంటూ బడి ముందునుంచి వచ్చింది. మేకలను ముందుకు పోనిచ్చి తాను గేటు దగ్గర ఆగింది. లోపలికి రాలేదు. మాసిన చీర, నెత్తిన తుండుగుడ్డ. పోయినసారి కంటే ముఖం కాస్త తేటగా ఉంది, లేక నాకు అలా కనిపించిందేమో.

"ఎంతమంది వచ్చినారు పాపా?"

"ఇరవై ఆరు మంది అక్కా."

మారెక్క ఆ అంకెను తనలో తాను ఒకసారి అనుకుంది.

"అంతమందితో సాలుతాదా నీకు?"

లావణ్య ఒళ్లో కాగితాలున్నాయి. వాటిని సర్దింది, మళ్లీ సర్దింది. సాలదని ఒక్క మాట అంటే మారెక్క లోపలికి వచ్చి కూర్చుంటుంది. తాను రావడమే కాదు, ఇంకో ఎనిమిది మందిని వెంటబెట్టుకుని వస్తుంది. ఒక చెయ్యి అప్పటికే గేటు మీద వేసింది. ఆ పిల్ల ఏమనాలని కోరుకున్నానో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు.

"సాలుతాదిలే అక్కా" అంది లావణ్య. "నువ్వు పో. మేకలు దూరం పోతాండాయి."

మారెక్క ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. గేటు మీదనుంచి చెయ్యి తీసి, మేకల వెనక వెళ్లిపోయింది.

లావణ్య పెన్ను సంచిలో పడేసి పులిహోర డబ్బా మూత తీసింది. అటువైపు తిరిగి కూర్చుని, సగం తిని, మిగతా సగం నా వైపు జరిపింది.

కమిటీకి నేను పంపవలసిన నివేదికలో పదమూడు ప్రశ్నలున్నాయి. వచ్చినవారు ఇరవై ఆరు, రానివారు పదహారు అని రాశాను. పదకొండో ప్రశ్న, పాల్గొనేవారికి పరిశోధకురాలు ఏదైనా అవాస్తవం చెప్పినట్లు మీ దృష్టికి వచ్చిందా అని. 'లేదు' అని రాసి సంతకం పెట్టాను.